కుళాయి తెరిచే ఉంచే ఇల్లు: నీటి భద్రతలో మనిషి ప్రవర్తన

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళ్తాను. మీ ఊరిలో ట్యాంకు కట్టి ఇంటింటికీ కుళాయి ఇచ్చినా వీధి చివరి ఇళ్లకు నీరు అందడం లేదనీ, కుళాయిలు ఎప్పుడూ తెరిచే ఉంటున్నాయనీ, కొందరు పైపుకు నేరుగా మోటారు బిగిస్తున్నారనీ, మరికొందరు ఆ నీరు నోట పెట్టక టిన్ను నీరు కొంటున్నారనీ రాశారు. ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే శ్రీకాకుళం జిల్లాలో, వంశధార, నాగావళి పారే నేలలో, ఇది నీటి సమస్యా లేక మనుషుల సమస్యా, అవగాహన సదస్సులు పెడితే మారుతుందా అని అడిగారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గ్రామీణ మంచినీటి పథకాల నిర్వహణలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా, ఈ విషయం మీద ఇతర చోట్ల జరిగిన పరిశోధనలను కొంత చదివినవాడిగా నాకు తెలిసినది రాస్తున్నాను.

మనుషుల ప్రవర్తన బాగాలేదు కాబట్టి నీరు చాలడం లేదనే మాట సమావేశాల్లో తరచుగా వినిపిస్తుంది. ఆ మాటతో నేను ఏకీభవించను. నీరు తన ఇంటికి ఏ తీరున వస్తోందో చూసి మనిషి తన ప్రవర్తనను దానికి తగ్గట్టు మలుచుకుంటాడు, ఆ ప్రవర్తన పక్క ఇంటికి ఎంత నీరు చేరుతుందో నిర్ణయిస్తుంది, పక్క ఇల్లు మళ్లీ తన జాగ్రత్త తాను పడుతుంది. ఎప్పుడు వస్తుందో తెలియని నీరు, ఎలాంటిదో నమ్మకం కుదరని నీరు ఉన్న చోట, ఎవరికి వారు తెలివిగా చేసుకునే ఏర్పాట్లే అందరినీ కలిపి కొరతలోకి నెడతాయి. అందుచేత ముందు అనిశ్చితిని తొలగించాలి. పొదుపు గురించి చెప్పే మాటలు ఆ తర్వాతే పనిచేస్తాయి.

మీరు రాసిన వాటిలో తెరిచి ఉంచిన కుళాయినే తీసుకుందాం, ఎందుకంటే దాన్ని దగ్గరగా చూస్తే మిగతావన్నీ అర్థమవుతాయి. వేసవిలో ఏదైనా ఊరికి ఉదయం ఐదు గంటలకు వెళ్లి ఒక వీధి చివర నిలబడి చూడండి. కుళాయి కింద ఖాళీ బిందె ఉంటుంది, కుళాయి తిప్పి ఉంటుంది, నీరు మాత్రం ఉండదు. ఇంటావిడ పొయ్యి దగ్గరో, పశువుల దగ్గరో పనిలో ఉంటుంది. నీరు వచ్చిన క్షణాన ఖాళీ బిందె అడుగున పడే ధార చప్పుడే ఆమెకు కబురు. ఆ చప్పుడు వినబడగానే పని వదిలి పరుగెత్తుతుంది. కుళాయి కట్టేసి ఉంటే నీరు వచ్చిన సంగతి ఆమెకు తెలిసే మార్గం లేదు, తెలిసేసరికి వీధిలో ముందున్న ఇళ్లు పట్టుకోవడం అయిపోయి ధార సన్నబడుతుంది. రాత్రిపూట నీరు వదిలే ఊళ్లలో కుళాయి తెరిచే నిద్రపోతారు, మెలకువ రాకపోతే ఆ నీరంతా కాలువలోకి పోతుంది. కొన్ని ఇళ్లలో కుళాయి తలనే తీసేసి ఉంచుతారు. మనం దాన్ని నిర్లక్ష్యం అంటాం. ఆమె దృష్టిలో అది ఇంటి నీటిని కాపాడుకునే ఒకే ఒక్క ఉపాయం. నీరు ప్రతిరోజూ ఆరు గంటలకే వస్తుందని, ఏడు వరకు ఉంటుందని ఆమెకు రూఢిగా తెలిస్తే ఆ ఉపాయంతో పని ఉండదు.

దీని వల్ల జరిగే నష్టం ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన, పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం గ్రామంలో ఒక్కొక్కరికి రోజుకు 55 లీటర్లు అందాలి. ఏడు వందల మంది ఉన్న ఊరికి అది 38,500 లీటర్లు, అంటే 40,000 లీటర్ల ట్యాంకు ఒకసారి నిండితే సరిపోతుంది. ఆ ఊరిలో 150 కుళాయిలు ఉన్నాయనుకుందాం. వాటిలో వంద కుళాయిలు నిమిషానికి పది లీటర్ల చొప్పున పావుగంట సేపు ఎవరూ పట్టకుండా పారితే 15,000 లీటర్లు కాలువ పాలవుతాయి. ఊరి మొత్తానికి కావలసిన నీటిలో అది దాదాపు ఐదింట రెండు వంతులు. ట్యాంకు సామర్థ్యం కాగితం మీద సరిగ్గానే ఉంటుంది, బోరు సరిగ్గానే పనిచేస్తుంది, అయినా చివరి వీధికి నీరు ఉండదు. అప్పుడు మరో ట్యాంకు కావాలని అర్జీ పెడతారు, కొత్త ట్యాంకు వచ్చినా పంపిణీ తీరు మారకపోతే కొంతకాలానికే మళ్లీ అదే పరిస్థితి వస్తుంది. మన చాలా ఊళ్లలో పైపు చివరన ఉండేవి తరువాత కట్టిన కాలనీలు, తరచుగా దళితవాడలు. ఒకప్పుడు నూతుల దగ్గర ఉండిన హెచ్చుతగ్గులు పైపులో కూడా అలాగే కొనసాగుతున్నాయి, కాకపోతే ఇప్పుడు దానికి పీడనం చాలకపోవడం అనే సాంకేతికమైన పేరు వచ్చింది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నట్టు, నీరు వచ్చిన ఆ అరగంటలో ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, డ్రమ్ములు అన్నీ నింపుతారు. మరునాడు మళ్లీ కొత్త నీరు వచ్చినప్పుడు నిన్నటి నీరు నిలవ నీరని పారబోసి కొత్తవి పడతారు. ఈ అలవాటు మన జిల్లాల్లోనే కాదు, అరకొరగా నీరు సరఫరా అయ్యే చాలా ఊళ్లలో, పట్టణాల్లో ఉంది. రేపు వస్తుందో రాదో తెలియక నింపడం, వచ్చింది గనుక పారబోయడం, ఈ రెండూ కలిసి అవసరం కంటే చాలా ఎక్కువ నీరు ఇంట్లోకి లాగి మురుగులోకి పంపుతాయి. మూత లేని డ్రమ్ముల్లో దోమలు పెరగడం దీనికి తోడు. రోజంతా కుళాయిలో నీరు ఉండే ఇళ్లలో ఇంత నిల్వ చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

మనస్తత్వం అన్నప్పుడు వృథా చేయడం గురించే మాట్లాడుకుంటాం గానీ, నీరు లేకపోవడం మనసును ఏం చేస్తుందనేది అంతకంటే పెద్ద విషయం. 2019లో వివిధ దేశాల పరిశోధకులు కలిసి ఇళ్లలో నీటి అభద్రతను కొలవడానికి పన్నెండు ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. గత నాలుగు వారాల్లో నీటి గురించి బెంగపడ్డారా, నీటి పరిస్థితి వల్ల కోపం వచ్చిందా, సిగ్గుపడాల్సి వచ్చిందా, నీరు లేక వంట మార్చుకున్నారా, దాహంతోనే పడుకున్నారా అని అందులో అడుగుతారు. ఎన్ని లీటర్లు వచ్చాయన్న ప్రశ్న అందులో లేదు. నా దృష్టిలో ఇది చాలా ముఖ్యమైన మార్పు. రికార్డులో 55 లీటర్లు అందుతున్న ఇంటిలో కూడా ఇంటావిడ తెల్లవారుజాము నుంచీ కుళాయి మీద చెవి పెట్టుకుని ఉంటే, చుట్టాలు వస్తున్నారంటే నీళ్ల సంగతే మొదట గుర్తొస్తే, ఆ ఇంటికి నీటి భద్రత లేనట్టే. మన పల్లెల్లో ఈ బెంగంతా ఆడవాళ్ల మీదే పడుతుంది. మరుగుదొడ్డికి నీరు చాలదని పగలు నీరు తాగడమే తగ్గించుకునే స్త్రీలను నేను చూశాను, ఎండలో జీడి తోటల్లో, పొలాల్లో పనిచేసేవారికి అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

కొరత ఆలోచనా శక్తినే తగ్గిస్తుందని చూపిన పరిశోధన ఒకటి మనకు దగ్గరలోనే జరిగింది. తమిళనాడులో చెరకు రైతులకు కోతకు ముందు, డబ్బు చేతిలో లేనప్పుడు కొన్ని బుద్ధి పరీక్షలు పెట్టారు, కోత అయి డబ్బు వచ్చాక అవే రకం పరీక్షలు మళ్లీ పెట్టారు. అదే రైతులు చేతిలో డబ్బు ఉన్నప్పుడు మెరుగ్గా చేశారు. 2013లో ప్రచురితమైన ఈ పరిశోధన డబ్బు కొరత గురించినది, అయినా నీటి విషయంలోనూ ఇదే జరుగుతుందని నా అనుభవం చెబుతుంది. ఈ పూట బిందె నిండుతుందా అన్న ఆలోచనలో ఉన్న మనిషిని పదేళ్ల తర్వాతి భూగర్భజలం గురించి ఆలోచించమంటే ఆలోచించలేడు.

ఇక మోటార్ల విషయం. పైపుకు నేరుగా అర హెచ్‌పీ మోటారు బిగించిన మొదటి ఇల్లు వీధిలో నీటిని లాగుతుంది, పక్క ఇంటికి ధార తగ్గుతుంది, కనుక అతడూ బిగిస్తాడు, కొద్ది నెలల్లో మోటారు లేని ఇల్లు నీరు లేని ఇల్లు అవుతుంది. ఎవరినీ విడిగా తప్పుపట్టలేని ఈ పోటీలో అందరూ కరెంటు బిల్లు కడుతూ మునుపు ఉచితంగా వచ్చిన నీటినే పట్టుకుంటారు. దీని వల్ల నీటి పరిమాణం కంటే నీటి శుద్ధికి కలిగే హాని ఎక్కువ. పైపులో నీరు ఒత్తిడితో నిండుగా ఉన్నంతసేపూ చిన్న చిన్న చిల్లుల నుంచి నీరు బయటికే వస్తుంది. మోటార్లు లాగినప్పుడు, సరఫరా ఆగినప్పుడు ఆ ఒత్తిడి పడిపోయి, అదే చిల్లుల గుండా మురుగు కాలువలోని నీరు లోపలికి చొరబడుతుంది. మన వీధుల్లో పైపులు చాలాచోట్ల మురుగు కాలువల పక్కనే, కొన్నిచోట్ల వాటి మధ్య నుంచే పోతాయన్నది మీరు రోజూ చూసేదే. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. అలాంటి ఘటన జరిగినప్పుడు ఒక కారణాన్ని వెతికి పట్టుకోవాలని అందరం చూస్తాం. కానీ నది ఒడ్డున బహిర్భూమికి వెళ్లడం, క్లోరిన్ వేయకపోవడం, పైపు పగులు, మోటారు, మూతలేని బిందె వంటివి ఒక్కొక్కటిగా ఉన్నప్పుడు ఎవరికీ కనబడక, వరుసగా కలిసిన రోజున కలరా, విరేచనాలు వస్తాయి.

నీటి నాణ్యత మీద నమ్మకం అనే అంశం దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే శ్రీకాకుళం జిల్లాలో దీన్ని మించిన విషయం లేదు. ఉద్దానంలో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఊళ్లలో, దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి రెండు తరాలుగా కుటుంబాలను పీల్చి పిప్పి చేస్తోంది. ఎన్నో పరిశోధనలు జరిగినా కచ్చితమైన కారణం తేలలేదు. కారణం తేలని చోట మనిషి మనసు అతి దగ్గరగా, రోజూ ముట్టుకునే దానినే అనుమానిస్తుంది, అది నీరు. ముందు ఆర్వో ప్లాంట్లు వచ్చాయి, ఆ తర్వాత హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి 800కు పైగా ఊళ్లకు ఇచ్చే, సుమారు 700 కోట్ల రూపాయల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఇంజనీరింగ్ పరంగా అది పెద్ద పని. అయినా కుళాయి నీరు ఇంటికి వచ్చాక కూడా ఇరవై లీటర్ల టిన్ను కొనే కుటుంబాలు ఉన్నాయి. వారిని అజ్ఞానులు అనడం అన్యాయం. తన ఇంట్లో డయాలసిస్ మీద ఉన్న మనిషిని చూస్తున్న వ్యక్తికి, కూలి డబ్బుల్లోంచి రోజూ టిన్నుకు ఇచ్చే డబ్బు ఖర్చుగా కాక, మనశ్శాంతికి కట్టే వెలగా కనిపిస్తుంది.

ఇక్కడ రుచి, వాసన కూడా పనిచేస్తాయి. శాస్త్రం చెప్పే ప్రమాదం కంటికి కనబడదు, నాలుకకు తగలదు. నాలుకకు తగిలేది క్లోరిన్ వాసన, బోరు నీటిలోని ఉప్పదనం, ఇనుము తుప్పు రుచి. సూక్ష్మక్రిములు ఉన్న నూతి నీరు తియ్యగా ఉంటుంది, శుద్ధి చేసిన కుళాయి నీరు మందు వాసన వేస్తుంది. సీతంపేట వైపు కొండ ఊళ్లలో బోరింగు నీరు తుప్పు రుచి వేస్తుందని ఊట నీటికే వెళ్లే కుటుంబాలను చూశాను. ఊట నీరు నిజంగానే బాగుండవచ్చు, కానీ వాన పడిన మరునాడు అదే ఊటలోకి పైనుంచి ఏం కొట్టుకొస్తుందో రుచి చెప్పదు. ట్యాంకులో బ్లీచింగ్ ఎక్కువ పడిన ఒక్క రోజు చాలు, ఆ వీధి నెల రోజులపాటు కుళాయి నీరు తాగడం మానేస్తుంది. అందుకే క్లోరిన్ వేసే మనిషికి కొలత నేర్పడం కూడా మనస్తత్వానికి సంబంధించిన పనే. చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటే చాలు, అంతకు మించి వాసన వచ్చేలా పోస్తే జనం నీటికి దూరమవుతారు. ఆర్వో నీటి మీద మోజుకు మరో ఖర్చు కూడా ఉంది. ఇళ్లలో వాడే యంత్రాలు చాలావరకు ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి అంతకు రెండు మూడింతలు నీటిని వదిలేస్తాయి. లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న నది నీటికి ఆర్వో అవసరమే లేదు.

క్లోరిన్ విషయంలో కెన్యాలో జరిగిన ప్రయోగం మనకు పనికొస్తుంది. క్లోరిన్ సీసాలు ఇంటికి అమ్మితే చాలా కొద్దిమందే వాడారు. అదే క్లోరిన్‌ను నీరు పట్టుకునే చోటే ఒక డబ్బాలో ఉచితంగా పెట్టి, ఒక మర తిప్పితే బిందెకు సరిపడా పడేలా చేసి, ఊరి మనిషినే దాని బాధ్యుడిగా పెట్టినప్పుడు వాడకం ఎన్నో రెట్లు పెరిగింది. ఆ పరిశోధనల్లో పాలుపంచుకున్న మైఖేల్ క్రెమర్‌కు 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. క్లోరిన్ మంచిదని రెండు ఊళ్లవారికీ తెలుసు. తేడా అంతా ఆ పని నీరు పట్టే వేళకు, పట్టే చోటనే, పదిమంది చూస్తుండగా జరగడంలో ఉంది. తుపాను తర్వాత మనం ఇంటింటికీ పంచే క్లోరిన్ బిళ్లలు ఎక్కువ ఇళ్లలో అటక మీదే ఎందుకు ఉండిపోతాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

తుపాను మాట వచ్చింది గనుక ఒక విషయం చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు, పలాస తీరాన్ని దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు, ట్యాంకులు నిండలేదు, ఆర్వో ప్లాంట్లు ఆగాయి. ఆ రోజుల్లో ఊళ్లను ఆదుకున్నది ట్యాంకర్లు, బోరింగులు, పూడ్చకుండా మిగిలిన నూతులు. కుళాయి వచ్చాక నుయ్యిని చెత్తకుండీ చేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. సౌకర్యం అలవాటైన మనసు ఆపదను చాలా త్వరగా మరచిపోతుంది, పోయిన ఏడాది జరగనిది ఈ ఏడాది కూడా జరగదని అనుకుంటుంది. దాదాపు ప్రతి ఏటా అక్టోబరులో సముద్రం వైపు చూసే జిల్లాలో, కరెంటు లేకుండా నీరు తోడుకోగల ఒక్క వనరైనా ప్రతి ఊరిలో శుభ్రంగా ఉంచడం నీటి భద్రతలో భాగమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సాగునీటి దగ్గర కూడా కథ ఇదే, కాకపోతే బిందె స్థానంలో మడి ఉంటుంది. గొట్టా బ్యారేజీ నుంచి బయలుదేరే వంశధార ఎడమ కాలువ వంద కిలోమీటర్లకు పైగా పారి టెక్కలి, పలాస వైపు శివారు భూములకు చేరాలి. ఉభాలు, అంటే వరి నాట్లు, మొదలయ్యే వేళ కాలువ మొదట్లో ఉన్న రైతు మడిలో నీరు నిలిచి, పొర్లి, కిందికి పోతున్నా మదుము (కాలువ నుంచి మడికి నీరు వదిలే తూము) మూయడు. వరికి ఎప్పుడూ నీరు నిలిచి ఉండనక్కరలేదని, ఆరుతడిగా పెట్టినా పండుతుందని అతడు వినే ఉంటాడు. కానీ మడిలో నీరు కంటికి కనబడుతుంటేనే అతడికి నిద్ర పడుతుంది, ఎందుకంటే ఒకసారి మూస్తే మళ్లీ వంతు ఎప్పుడో అతడికి తెలియదు. వచ్చే లాభం కంటే పోయే నష్టం మనసుకు పెద్దగా తోస్తుందని మనస్తత్వ శాస్త్రం చెప్పే మాట ఇక్కడ అక్షరాలా నిజం. శివారు రైతు రాత్రి పార పట్టుకుని పైకి వెళ్లి గట్టు కొడతాడు, మరునాడు తగాదా.

ఉమ్మడి వనరు అంటే పాడవక తప్పదని 1968లో అమెరికా జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ వాదించారు. అది తప్పని, వాడుకునే మనుషులే నియమాలు పెట్టుకుని కాపలా కాసుకుంటే ఉమ్మడి వనరులు వందల ఏళ్లు నిలుస్తాయని రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ స్పెయిన్, నేపాల్, ఫిలిప్పీన్స్ కాలువలను పరిశీలించి చూపారు. 2009లో ఆమెకు నోబెల్ వచ్చింది. స్పెయిన్‌లోని వాలెన్సియాలో రైతులు ఎన్నుకున్న నీటి న్యాయస్థానం ఇప్పటికీ ప్రతి గురువారం చర్చి గుమ్మం దగ్గర బహిరంగంగా కూర్చుని కాలువ తగాదాలు తీరుస్తుంది. మన రాష్ట్రంలో 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, ఆలోచన మంచిదే. అవి కాలువ మరమ్మతు పనుల మీద పెట్టిన శ్రద్ధ వంతుల మీద, కొలత మీద పెట్టలేదని నా అభిప్రాయం. కాలువ మొదట్లోని రైతుకు కావలసింది ఉపదేశం కాదు, వచ్చే మంగళవారం తన వంతు తప్పదని, ఎవరైనా తప్పిస్తే అందరి ఎదుటా నిలదీస్తారని నమ్మకం.

ఇప్పుడు అవగాహన సదస్సుల విషయం. అమెరికాలోని అరిజోనాలో ఎప్పుడో రాయిగా మారిపోయిన చెట్ల పార్కు ఒకటి ఉంది, సందర్శకులు ఆ రాతి చెక్క ముక్కలు ఎత్తుకుపోతుంటారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీనీ, ఆయన సహచరులు అక్కడ రకరకాల బోర్డులు పెట్టి చూశారు. చాలామంది చెక్క ఎత్తుకుపోవడం వల్ల అడవి దెబ్బతింటోందని రాసిన బోర్డు దగ్గర దొంగతనం ఎక్కువగా జరిగింది. అందరూ చేస్తున్నారని చెప్పడమే అందరినీ చేయమని చెప్పినట్టయింది. మన పంచాయతీ గోడల మీద ప్రజలు నీటిని విచ్చలవిడిగా వృథా చేస్తున్నారని రాసే రాతలు ఇదే పని చేస్తాయి. దీనికి బదులు ఈ వీధిలో ఎక్కువ ఇళ్లు కుళాయి కట్టేస్తున్నాయి అన్న నిజం, అది నిజమైన రోజున, చెబితే ఫలితం ఉంటుంది. అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలోని కాబ్ కౌంటీలో 2007 కరువులో లక్షకు పైగా ఇళ్ల మీద చేసిన ప్రయోగంలో, పొదుపు సలహాలు మాత్రమే పంపిన ఇళ్ల కంటే, పొరుగువారితో తమ వాడకాన్ని పోల్చి చూపిన ఉత్తరం అందిన ఇళ్లు ఎక్కువ తగ్గించాయి. తగ్గింపు సుమారు ఐదు శాతం. కాలం గడిచేకొద్దీ ఆ ప్రభావమూ సన్నగిల్లింది. మీటర్లు లేని మన ఊళ్లలో ఇంటింటి పోలిక సాధ్యం కాదు, వీధివారీగా మాత్రం సాధ్యమే.

ఇంతకంటే పెద్ద తగ్గింపు జరిగిన చోటు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. వరుస కరువుల తర్వాత 2018 ఫిబ్రవరిలో మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టారు. జలాశయాల్లో ఎంత నీరు ఉందో, ఎన్ని రోజులకు సరిపోతుందో నగరపాలక సంస్థ ప్రజలకు చెబుతూ వచ్చింది, వాడకం హద్దులో ఉన్న ఇళ్లను పటంలో ఆకుపచ్చ చుక్కలతో చూపింది. మూడేళ్లలో నగరం వాడకం సగానికి పైగా తగ్గింది. భయం కూడా అక్కడ పనిచేసిందన్నది నిజం, డబ్బున్నవారు సొంత బోర్లు తవ్వుకున్నారన్నదీ నిజం. కానీ అంకెలు దాచకుండా చెప్పకపోతే ఆ భయం కేవలం నిల్వలకే దారితీసేదని నేను అనుకుంటున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అనంతపురం, కర్నూలు వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే నిర్వహించిన భూగర్భజల కార్యక్రమం ఇంకా దగ్గరి ఉదాహరణ. అక్కడ రైతులకు రాయితీ ఇవ్వలేదు, ఆంక్ష పెట్టలేదు. వాన ఎంత పడిందో, బోర్లలో నీటిమట్టం ఎంత ఉందో రైతులే కొలిచి, గోడ మీద రాసి, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఏ పంట ఎంత వేయవచ్చో లెక్క వేసుకున్నారు. నిర్ణయం ఎవరిది వారికే వదిలేశారు, అయినా చాలా ఊళ్లలో వరి తగ్గి ఆరుతడి పంటలు పెరిగాయి.

మీ ఊరికి నేను చెప్పేది ఇదీ. మోటార్లు జప్తు చేయడంతో మొదలుపెట్టకండి, దాని వల్ల తగాదా మాత్రమే మిగులుతుంది. ముందుగా ఒక వారం రోజులు ప్రతి ఉదయం వీధి చివరి ఇంటి దగ్గర నిలబడి, నీరు ఎన్ని గంటలకు వచ్చింది, ఎంతసేపు వచ్చింది, ఎన్ని బిందెలు నిండాయి అని రాసుకోండి. ట్యాంకు దగ్గర రాసిన లెక్క ఊరి లెక్క కాదు, చివరి ఇంటి లెక్కే ఊరి లెక్క. తర్వాత వాల్వులు సరిచేసి ఊరిని రెండు భాగాలు చేయండి, ఒక్కో భాగానికి నిర్ణీత సమయం పెట్టండి, మొదటి ఇళ్లకు నీరు ఎక్కువ లాగకుండా ఫెర్రూళ్లు (ఇంటి కనెక్షన్‌లోకి వెళ్లే ధారను హద్దులో ఉంచే చిన్న బిగింపులు) బిగించండి. ఆ సమయాన్ని నెల రోజులు ఒక్క పూట కూడా తప్పకుండా నిలబెట్టండి. కరెంటు పోయి ఆలస్యమైతే ముందే మైకులో చెప్పించండి. చెప్పి ఆలస్యం చేసినదాన్ని జనం క్షమిస్తారు, చెప్పకుండా చేసినదాన్ని క్షమించరు. ఈ నెల రోజుల్లో పొదుపు గురించి ఒక్క మాట కూడా మాట్లాడకండి.

రెండో నెలలో మోటార్ల విషయం గ్రామసభకు తెండి, నియమం సభ పెట్టాలి, మొదటిసారి హెచ్చరిక, రెండోసారి చిన్న జరిమానా, మూడోసారి కనెక్షన్ తొలగింపు అన్న వరుస కూడా సభే నిర్ణయించాలి. మొదట తీసే మోటారు పలుకుబడి ఉన్న ఇంటిది కావాలి, లేకపోతే మిగతా ఇళ్లు కదలవు. కుళాయి పన్ను పెంచే ప్రస్తావన దీని తర్వాతే రావాలి, ఎందుకంటే వేళకు నీరు అందుకున్న ఇల్లే పన్ను కడుతుంది.

నాణ్యత విషయంలో నివేదికలు గోడకు అంటించడం వల్ల లాభం తక్కువ. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊరిలో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పాలన్న నియమం ఉంది, మీ ఊరిలో వారెవరో కనుక్కోండి, లేకపోతే స్వయం సహాయక సంఘాల నుంచి ఎంచుకోండి. క్లోరోస్కోపు (నీటిలో క్లోరిన్ చూసే చిన్న పరికరం) గొట్టంలో కుళాయి నీరు పట్టి కొన్ని చుక్కల మందు వేస్తే, క్లోరిన్ ఉంటే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ పరీక్షను పంచాయతీ కార్యాలయంలో కాక, వీధి చివర ఆడవాళ్లు నీరు పట్టుకునే వేళలో, ఆ వీధి ఆవిడ చేతనే చేయించండి. తరువాత అదే గొట్టంలో ఇరవై లీటర్ల టిన్ను నీటిని కూడా పోసి, అందులో క్లోరిన్ ఉందో లేదో వారినే చూడమనండి. కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లవారు ఆ తర్వాత కూడా టిన్నే కొంటామంటే బలవంతపెట్టకండి. వారి పక్కింటివారు కుళాయి నీరు తాగుతూ కొన్ని నెలలు గడిస్తే, వారితో మళ్లీ మాట్లాడవచ్చు. ఊరి నడిమి నూతిని మాత్రం ఈ వేసవిలోనే పూడిక తీయించి, గట్టు కట్టించి, మూత వేయించండి, అక్టోబరు వచ్చేలోగా ఆ పని పూర్తికావాలి.